పేరు చెప్పేదీ, పేరు చూపేదీ: తిరుత్తణి, తిరువళ్ళూరు పేర్ల మీద కొంత విచారణ

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించారు. ఈ వాక్యం తెలుగు వాచకాల్లోనూ ఉంటుంది, తమిళ వాచకాల్లోనూ ఉంటుంది. రెండు చోట్లా నిజమే. కాని తిరుత్తణి ఏ జిల్లాలో ఉంది, ఏ రాష్ట్రంలో ఉంది అని అడిగితే, ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి. రాధాకృష్ణన్ పుట్టిననాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన ఊరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953 అక్టోబరు 1న చిత్తూరుతోపాటు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది. 1956లో ఆ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చి చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. 1997లో చెంగల్పట్టు జిల్లాను విభజించాక తిరుత్తణి తిరువళ్ళూరు జిల్లాలో భాగమైంది. (రెండు పెద్ద మార్పులూ ఏప్రిల్ ఒకటిననే జరగడం ఆర్థిక సంవత్సరం మహిమ తప్ప మరేమీ కాదు.)

ఇన్ని మార్పుల్లో కొండ కదలలేదు, కోనేరు కదలలేదు. మొదటి వాక్యం కూడా మారలేదు. అందులో ‘తిరుత్తణి’ అనే మాట తీసేసి ‘చిత్తూరు జిల్లాలోని మురుగన్ క్షేత్రం’ అని పెట్టి చూడండి. 1950లో ఒక పిల్లవాడికి ఆ వాక్యం సరిగ్గానే దారి చూపేది. ఇవాళ అదే వాక్యం పట్టుకొని వెదికితే చిత్తూరు జిల్లా అంతా తిరిగినా ఆ ఊరు దొరకదు. పేరు చేసే పనీ, వర్ణన చేసే పనీ ఒకటేనా, వేరువేరా అన్నది భాషాతత్త్వశాస్త్రంలో నూటయాభై ఏళ్ళకు పైగా నలుగుతున్న ప్రశ్న. ఈ ప్రశ్నను పరిచయం చేయడానికి పాశ్చాత్య గ్రంథాల్లో లండను, పారిసు, శుక్రగ్రహం ఉదాహరణలుగా వస్తాయి. మనకు అంత దూరం పోవలసిన అవసరం లేదు.

ముందుగా రెండు మాటలు స్థిరపరచుకుందాం. పేరును నామం అనీ, ఆ పేరు గలదాన్ని నామి అనీ మన పూర్వులు అన్నారు. నామం నామిని పట్టి చూపడాన్ని ఇక్కడ నిర్దేశం అందాం. నామం నామిని ఎలా నిర్దేశిస్తుంది అన్నదే ప్రశ్న.

జర్మన్ తార్కికుడు గొట్లోబ్ ఫ్రేగె 1892లో చెప్పిన సమాధానాన్ని తిరువళ్ళూరు మీద పెట్టి చూద్దాం. వీరరాఘవస్వామి కొలువైన ఆ క్షేత్రానికి స్థలపురాణంలో ఉన్న పేరు వీక్షారణ్యం. ‘తిరువళ్ళూరు తిరువళ్ళూరే’ అంటే విన్నవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. ‘వీక్షారణ్యం తిరువళ్ళూరే’ అంటే మాత్రం తెలియనివారికి అది ఒక వార్త. పురాణశ్రవణంలో వీక్షారణ్య మాహాత్మ్యం విని, జన్మలో ఒక్కసారైనా ఆ క్షేత్రం చూడాలని మొక్కుకొన్న మనిషి, వారం వారం తిరువళ్ళూరు సంతకు వచ్చి పోతూ ఉండవచ్చు. రెండు పేర్ల నామి ఒకటే అయినా రెండూ ఒకే విధంగా మనసుకు తగలడం లేదు. కాబట్టి పేరుకు నామి మాత్రమే కాక, ఆ నామి మనకు కనిపించే తీరు కూడా ఒకటి ఉంటుందనీ, అదే పేరు యొక్క అర్థమనీ ఫ్రేగె వాదం. 1905లో బెర్ట్రండ్ రస్సెల్ వర్ణనలను విశ్లేషించే పద్ధతి చూపించాడు. మనం మామూలుగా పేర్లనుకొనేవి నిజానికి కుదించిన వర్ణనలేనన్నది ఆయన మతం. ఈ లెక్కన ‘రాధాకృష్ణన్’ అంటే భారతదేశపు మొదటి ఉపరాష్ట్రపతి, రెండవ రాష్ట్రపతి, భారతీయ దర్శనాల మీద రెండు సంపుటాలు రాసిన ఆచార్యుడు అన్నమాట.

ఈ సిద్ధాంతం చాలాకాలం రాజ్యమేలింది. దాన్ని బలంగా కదిలించినవాడు సాల్ క్రిప్కి (1940–2022). 1970 జనవరిలో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఇచ్చిన మూడు ఉపన్యాసాలు తరువాత పుస్తకంగా వచ్చాయి. ఆయన వాదాన్ని మన ఉదాహరణలోకి తెచ్చుకుందాం. రాధాకృష్ణన్ రాజకీయ పదవి ఏదీ స్వీకరించకుండా, ఆక్స్ఫర్డులోనే ఆచార్యుడిగా ఉండిపోయి ఉండవచ్చు కదా. అలా జరిగి ఉంటే ఏమయ్యేది అని మనం ఊహించగలం. ఆ ఊహలో ఉన్న మనిషి ఎవరు? రాధాకృష్ణనే. ‘మొదటి ఉపరాష్ట్రపతి’ అన్న వర్ణన అప్పుడు మరొకరికి వర్తిస్తుంది. పేరు మాత్రం ఆయనను వదలదు. ఆనాటి బడి రిజిస్టర్లలో పుట్టిన తేదీలు ఎంత నమ్మదగినవో అందరికీ తెలుసు. 5వ తేదీ సరికాదని రేపు ఎవరైనా రుజువు చేసినా, ఆ పేరు గల మనిషి లేడని ఎవరమూ అనం. ఆయన గురించి మనకు తెలిసింది తప్పు అంటాం. ‘ఆయన గురించి’ అనగలుగుతున్నామంటే, తెలిసిందంతా తప్పయినా పేరు ఆయన్ని పట్టుకొనే ఉందన్నమాట.

మరి పట్టుకొని ఉంచేది ఏది? మొదట ఒక నామకరణం జరుగుతుంది. అక్కడున్నవారి నోట ఆ పేరు విన్నవారు, వారి నోట విన్నవారు, ఇలా గొలుసుగా అది మన దాకా వస్తుంది. నేను ‘రాధాకృష్ణన్’ అన్నప్పుడు నా మాట ఆ గొలుసు పట్టుకొని వెనక్కి పోయి 1888 నాటి ఆ శిశువును తాకుతుంది. నాకు ఆయన గురించి ఎంత తెలుసు అన్నదానితో దానికి పని లేదు.

ఇది మన సంప్రదాయానికి పూర్తిగా కొత్త మాట కాదు. పతంజలి మహాభాష్యంలో శబ్దాలను జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా శబ్దాలని నాలుగు విధాలుగా చెప్పాడు. ఏ గుణమూ, ఏ జాతీ కారణంగా కాక, ఇష్టం వచ్చి పెట్టినవి యదృచ్ఛా శబ్దాలు. వీటికి ఉదాహరణగా మన శాస్త్రకారులు డిత్థుడు అనే అర్థంపర్థం లేని పేరును తీసుకోవడం గమనించదగ్గది. అర్థం ఉన్న పేరు తీసుకొంటే చదువరి దృష్టి అర్థం మీదికి పోతుందని వారికి తెలుసు. 17వ శతాబ్దపు నైయాయికుడు విశ్వనాథ పంచాననుడు తన ముక్తావళిలో ఒక చిక్కు విప్పుతాడు. పదానికీ అర్థానికీ సంబంధం ఈశ్వరేచ్ఛ వల్ల ఏర్పడిందంటారు గదా, మరి నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డకు పెట్టిన పేరు మాటేమిటి? పదకొండవ రోజున తండ్రి పేరు పెట్టాలని విధి ఉంది కాబట్టి ఆ పేరుకూ శక్తి ఉందని ఆయన సమాధానం. మనవాళ్ళు ఇరవై ఒకటో రోజున బారసాల చేసినా న్యాయం అదే. శబ్దశక్తిని తెలుసుకొనే మార్గాల్లో వ్యాకరణం, కోశం, ఆప్తవాక్యం వంటివాటితోపాటు వృద్ధవ్యవహారాన్ని కూడా వారు లెక్కించారు. పెద్దలు వాడుతుండగా విని నేర్చుకోవడం అన్నమాట. క్రిప్కి గొలుసుకు ఇంతకన్న మంచి తెలుగు పేరు నాకు తోచదు. అయితే రెండు సిద్ధాంతాలూ ఒకటేనని చెప్పడం తొందరపాటు. నైయాయికుల చర్చ మాట వింటే అర్థం ఎలా బోధపడుతుందన్నది. క్రిప్కి చర్చ బోధపడినా పడకపోయినా పేరు ఎవరిని పట్టుకొంటుందన్నది.

ఇప్పుడు వ్యుత్పత్తి సంగతి. తిరువళ్ళూరుకు దివ్యదేశాల్లో ఉన్న పాత పేరు తిరుఎవ్వుళ్. విష్ణుమూర్తి వృద్ధుడి రూపంలో శాలిహోత్ర మహర్షి దగ్గరికి వచ్చి భోజనం చేసి, పడుకోవడానికి ఏ గది అని అడిగాడట. తమిళంలో ‘ఎవ్వుళ్’ అంటే ఏ లోపలి చోటు అని. (ఈ ‘ఉళ్’ మన ‘ఉల్లము’కు చుట్టమే.) ఒక ప్రశ్న ఊరిపేరయిందని పురాణం చెప్పడం సొగసుగా ఉంది. తిరుత్తణికి తణిగై అనే పేరు కూడా ఉంది. శూరపద్ముణ్ణి చంపాక కుమారస్వామి కోపం చల్లారిన చోటు కాబట్టి ఆ పేరని చెబుతారు. ‘తణి’ అంటే చల్లారు, శాంతించు. తెలుగులో ‘తనియు’, ‘తనుపు’ ఆ పక్కనే ఉన్నాయి. ఇవి చరిత్రా, లేక పేరును చూసి తరువాత అల్లుకొన్న కథలా అన్నది వేరే చర్చ. మనకు కావలసింది ఒక్కటే: ఈ కథలు ఒక్కటీ తెలియకుండానే, ఆడికృత్తికకు కావడి భుజాన వేసుకొని చిత్తూరు జిల్లా నుంచి వచ్చే తెలుగు భక్తుడు తిరుత్తణికి టిక్కెట్టు అడిగితే తిరుత్తణికే టిక్కెట్టు ఇస్తారు. మన అలంకారికులు యోగం, రూఢి అని విడదీసింది దీన్నే. పేరు పుట్టినప్పుడు యోగార్థం ఉండవచ్చు. వాడుకలో నిలిచేది రూఢి.

జాన్ స్టూవర్ట్ మిల్ 1843లోనే దీన్ని ఇంగ్లండులోని డార్ట్‌మత్ పట్టణంతో చూపించాడు. డార్ట్ నది ముఖద్వారాన ఉంది కాబట్టి ఆ పేరు వచ్చింది. నది దారి మార్చుకొన్నా పేరు మారదు అన్నాడు. మన దగ్గర నది కాదు, కచేరీ దారి మార్చుకొంది. ఉత్తర ఆర్కాటు జిల్లాకు 1911 దాకా ముఖ్యపట్టణం ఆర్కాటు కాదు, చిత్తూరు, తరువాత వేలూరు. ఆ జిల్లా పేరు విని ఆర్కాటులో కలెక్టరు కోసం వెదికినవాడికి కలెక్టరు దొరకడు. అయినా ఆ పేరు ఏ జిల్లాకో ఎవరికీ సందేహం రాలేదు.

ఇంతవరకూ ఇది తరగతి గది తర్కంలా కనిపించవచ్చు. కాని ఒకప్పుడు ఈ ప్రాంతంలో వ్యుత్పత్తిని హక్కుపత్రంలా చూపించారు. తొల్కాప్పియం పాయిరంలో తమిళ దేశానికి ఉత్తరపు ఎల్ల వేంగడం, దక్షిణపు ఎల్ల కుమరి అని ఉంది. దీన్ని ఆధారం చేసుకొని మ. పొ. శివజ్ఞానం నాయకత్వంలోని తమిళ్ అరసు కళగం ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపింది. తిరుపతితోసహా తమిళులకు రావాలన్నది కోరిక. ఇటు తెలుగువారు ‘మద్రాసు మనదే’ అన్నారు. చెన్నపట్నం అన్న పేరే తెలుగు పేరు గదా అన్నది ఆ వాదంలో ఒక ముక్క. చివరికి హెచ్. వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం ఫలితంగా 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం ఇటు వచ్చాయి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు అటు వెళ్ళాయి. అలా వెళ్ళిన సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో కలిసి, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.

వ్యుత్పత్తి హక్కుపత్రమే అయితే లెక్క ఎక్కడ తేలుతుందో చూడండి. ‘తిరు’ తమిళం కాబట్టి తిరుపతి, తిరుమల, తిరుచానూరు తమిళనాడుకు పోవాలి. చెన్నప్ప తెలుగు నాయకుడు కాబట్టి చెన్నై మనకు రావాలి. ఈ రెండు కోరికలనూ నిజంగానే కోరారు గాని, రెంటిలో ఏదీ నెరవేరలేదు. పేరు యొక్క యోగార్థం ఆ పేరు పెట్టినవారి భాషను, అదీ కొంత సందేహంతో, చెబుతుంది. తరువాత ఆ ఊళ్ళో ఎవరు పుట్టారో, ఏ భాషలో జోల పాడారో చెప్పదు. ఈ జిల్లాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థితో ఎవరైనా ‘ఊరిపేరే తమిళం, మీరెక్కణ్ణుంచి వచ్చారు’ అంటే, అడిగినవాడు యోగానికీ రూఢికీ తేడా తెలియక అడిగాడని గ్రహించాలి. దానికి జవాబుగా ‘తిరుత్తణి అసలు తెలుగు పదమే’ అని నిరూపించబోవడం అదే పొరపాటును తిరగేసి చేయడం. ఇలాంటి వ్యుత్పత్తులు మన పత్రికల్లోనూ కొన్ని చూశాను. వాటి మీద పెట్టిన శ్రమ వేరే పనికి వినియోగిస్తే బాగుండేది.

చెన్నపట్నం కథ ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే నామకరణ ఘట్టం దాదాపుగా తేదీతో దొరికే పేరు అది. 1639లో ఆంగ్లేయులకు కోట కట్టుకోవడానికి చోటు ఇచ్చినవారు దామర్ల వేంకటప్ప నాయకుడు, ఆయన తమ్ముడు అయ్యప్ప. అయ్యప్ప ఉన్నది పూందమల్లిలో; అది ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలోనే ఉంది. కొత్త ఊరికి తమ తండ్రి చెన్నప్ప పేరు పెట్టించారని ప్రసిద్ధి. మద్రాసపట్నం అప్పటికే పక్కన ఉన్న గ్రామం. నడుమ ఖాళీ స్థలం ఇళ్ళతో నిండి రెండూ కలిసిపోగా, కలిసిన ఊరిని ఆంగ్లేయులు మద్రాసు అన్నారు, మనవారు చెన్నపట్నం అన్నారు. అంటే రెండు పేర్లూ తమ మొదటి నామిని దాటి పెద్దదానికి జరిగాయి. ఇది క్రిప్కి సిద్ధాంతానికి చిక్కు తెచ్చే విషయం. గొలుసు తెగకపోయినా నామి మారవచ్చునని గారెత్ ఎవాన్స్ 1973లో మడగాస్కర్ పేరుతో చూపించాడు: ఆఫ్రికా ప్రధాన భూభాగంలో ఒక ప్రాంతం పేరును మార్కోపోలో పొరబాటున ద్వీపానికి అన్వయించగా అది ద్వీపానికే నిలిచింది. కాబట్టి మొదటి నామకరణం ఒక్కటే చాలదు. గొలుసులో ప్రతి తరమూ దేన్ని చూపుతూ ఆ పేరు పలుకుతోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 1996లో నగరానికి చెన్నై అన్న పేరే అధికారికమైంది. హైకోర్టూ విశ్వవిద్యాలయమూ మద్రాసు పేరుతోనే ఉన్నాయి. పళ్ళిపట్టులో ఒక పిల్లవాడు నాయనమ్మ చెప్పిన కథల్లో చెన్నపట్నం అందమైన ఊరని నమ్మి, పెద్దయి మద్రాసు ఇరుకు సందుల్లో ఉద్యోగం చేస్తూ, రెండూ ఒకటేనని తెలియక మద్రాసు అందమైనది కాదని కూడా నమ్మితే, అతని నమ్మకం ఏమిటి? క్రిప్కి 1979లో లండన్ పేరు మీద ఫ్రెంచివాడి చేత వేయించిన ప్రశ్న ఇదే. ద్విభాషుల మధ్య ఇది ఊహాచిత్రం కానక్కర లేదు.

పేరు ఎంత చిక్కిపోయినా పని చేస్తుందనడానికి తిరుత్తణి దగ్గరి ఆర్. కె. పేట చాలు. రామకృష్ణరాజుపేట అన్న నిండు పేరు రెండు పొడి అక్షరాలకు కుదించుకుపోయింది. ఆ అక్షరాలకు విస్తరణ తెలియనివారు కూడా బస్సు సరిగ్గానే ఎక్కుతారు. 2020లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ళ ఇంగ్లీషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మారుస్తూ ఉత్తర్వు ఇచ్చి, విమర్శలు రాగా కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకొంది. ఆ కొద్ది రోజుల్లో కోయంబత్తూరు గాని, వేలూరు గాని ఎవరికీ తప్పిపోలేదు.

ఊరిపేర్ల కంటే ఇంటిపేర్ల విషయంలో గొలుసు సులభంగా తెగుతుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. రాధాకృష్ణన్ పూర్వులు అక్కణ్ణుంచి వచ్చారు. ఆయన పుట్టింది తిరుత్తణిలో, చదివింది తిరుత్తణి, తిరుపతి, వేలూరు, మద్రాసుల్లో. ఆయన పేరులోని ‘సర్వేపల్లి’ ఆ గ్రామాన్ని చూపడం లేదు, ఒక ఇంటిని చూపుతోంది. మడగాస్కర్ పేరు ద్వీపానికి జరిగినట్టే ఊరి పేరు వంశానికి జరిగింది. ఇది తప్పిదం వల్ల జరిగినది కాదు, తెలుగు సమాజపు ఏర్పాటు వల్ల జరిగింది. ఒకే ఇంటిపేరు వారి మధ్య సంబంధాలు కలుపుకోరు కాబట్టి ఆ పేరుకు నిత్యవ్యవహారంలో పని ఉంది.

తమిళ వాడుకలో పేరు ముందు పొడి అక్షరం తండ్రి పేరుకు గుర్తు. రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ (1923–2002) తనను ఎస్. గోపాల్ అని రాసుకొన్నారు, ఆ ‘ఎస్.’ సర్వేపల్లి. తమిళ పద్ధతిలో ఆయన ఆర్. గోపాల్ కావలసింది. ఇక్కడి బడుల్లో చేరే తెలుగు పిల్లల పేర్లకు జరుగుతున్నది ఇదే. దరఖాస్తులో ఇంటిపేరుకు గడి ఉండదు. తండ్రి పేరు మొదటి అక్షరం వేస్తారు. తాతకు ఇంటిపేరు నిండుగా ఉంటుంది, తండ్రికి ఒక్క అక్షరంగా ఉంటుంది, మనవడి సర్టిఫికెట్టులో ఆ అక్షరం కూడా ఉండదు. మనవడి పేరు మనవణ్ణి చక్కగానే నిర్దేశిస్తుంది. అందులో లోపమేమీ లేదు. కాని ఇంటిపేరు నిర్దేశించే ఇల్లు మాత్రం కాగితం మీద లేకుండా పోతుంది. పెళ్ళిచూపుల నాడు ‘మీ ఇంటిపేరేమిటి’ అని అవతలివారు అడిగినప్పుడు పెద్దవాళ్ళకు కబురు పెట్టవలసి వస్తుంది. పెద్దవాళ్ళు ఉన్నంతవరకు అది సాధ్యమే.

అందుచేత తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్. కె. పేట, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులకు ఒక పని చెబుతున్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఇంటిపేరు, మీ చుట్టుపక్కల ఇళ్ళ ఇంటిపేర్లు, మీ ఊరి చెరువులకు, చేలకు, గుట్టలకు తెలుగువారు వాడే పేర్లు, తమిళులు వాడే పేర్లు నిండుగా రాసుకొని రండి. రెండు పేర్లున్నచోట రెండూ రాయండి. ఏది అసలుదో తేల్చవద్దు. అర్థం తెలియకపోతే ఊహించి రాయవద్దు. పక్కన ఇంకొక గడి గీసి, ఆ పేరు మీకు ఎవరు చెప్పారో, వారు ఎవరి దగ్గర విన్నారో అందులో రాయండి.